కిర్గిజ్‌స్తాన్‌లో ఎంబీబీఎస్ చేసొచ్చిన తమ్ముడికి రిజిస్ట్రేషన్ లేకుండానే డ్యూటీ డాక్టర్ జాబ్ ఇస్తామంటున్నారు, పంపొచ్చా?

మలక్‌పేట్_అక్క · శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. నేను డాక్టర్ని కాదు, మా తమ్ముడి గురించి రాస్తున్నా, కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

వాడు 2018లో నీట్ క్వాలిఫై అయి కిర్గిజ్‌స్తాన్ వెళ్ళాడు, మధ్యలో కరోనాకి ఇంటికొచ్చి ఏడాదికి పైగా మా హాల్లోనే కూర్చుని ఫోన్లో క్లాసులు విన్నాడు, మళ్ళీ వెళ్ళి 2024లో డిగ్రీ పట్టుకొచ్చాడు. ఎఫ్ఎంజీఈ (విదేశంలో చదివినవాళ్ళు ఇక్కడ డాక్టర్‌గా రిజిస్టర్ అవ్వాలంటే పాసవ్వాల్సిన పరీక్ష) రెండుసార్లు రాశాడు. మొదటిసారి 121. రెండోసారి 143. పాస్ మార్కు 150 అని మీకు తెలుసు కదా. ఆ ఏడు మార్కుల దగ్గర్నించి వాడు మనుషుల్లో కలవట్లేదు, పెళ్ళిళ్ళకి రాడు, ఎవరన్నా "ఏం డాక్టర్ గారూ" అంటే లోపలికెళ్ళి తలుపేసుకుంటాడు.

నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, వచ్చిన డబ్బులన్నీ వాడి చదువుకే అయిపోయాయి, ఇంకా అప్పు ఉంది. ఇప్పుడు నాన్నకి తెలిసినాయన ఒకరు ఊరి బయట ఒక నర్సింగ్ హోంలో నైట్ డ్యూటీ డాక్టర్‌గా పెట్టిస్తానంటున్నారు, నెలకి 25 వేలు, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. రిజిస్ట్రేషన్ లేదు కదండీ అంటే "అందరూ చేస్తున్నదే, కేస్ షీట్ మీద పెద్ద డాక్టర్ గారి స్టాంప్ ఉంటది, నీ పేరెక్కడా రాదు, పైగా చెయ్యి తిరుగుద్ది, పరీక్షకి పనికొస్తుంది" అన్నారంట. అమ్మ సంతోషపడుతోంది. వాడూ వెళ్తానంటున్నాడు. నాకే మనసొప్పట్లేదు, కానీ ఎందుకు వద్దో వాడికి సరిగ్గా చెప్పలేకపోతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

హౌస్‌సర్జన్_బాబు · శనివారం రాత్రి 11:52

అక్కా వెళ్ళనివ్వకు. ముందు ఆ ముక్క చెప్పేసి తరవాత మిగతావి రాస్తున్నా.

నేనూ ఎఫ్ఎంజీనే (ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్), చైనాలో చదివా, ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా. నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్ఎంసీ) చట్టం 2019లో 34వ సెక్షన్ ఉంది, రిజిస్టర్‌లో పేరు లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పెద్ద డాక్టర్ గారి స్టాంప్ ఉంటది అన్నారు కదా, ఆ స్టాంప్ మీ తమ్ముణ్ణి కాపాడదు. రేపు పేషెంట్ చుట్టాలు గొడవకొస్తే అడిగేది ఆ రాత్రి వార్డులో ఎవరున్నారు, ఇంజెక్షన్ ఎవరు చెప్పారు అని, సీసీ కెమెరాలో కనపడేది వాడే, పెద్దాయనేమో నేను ఇంట్లో పడుకున్నా నాకేం తెలుసు అంటాడు. తర్వాత వాడు ఎఫ్ఎంజీఈ పాసై రిజిస్ట్రేషన్ కోసం మెడికల్ కౌన్సిల్‌కి అప్లై చేసే టైంకి వాడి మీద కేసు ఉంటే ఆరేళ్ళ చదువు, నాన్న డబ్బులు ఏమైపోవాలి.

ఇంకోటి, చెయ్యి తిరుగుద్ది అనేది ఉత్త మాట. నా రూమ్మేట్ ఒకడు ఇట్లాగే ఎనిమిది నెలలు చేశాడు, రాత్రంతా సెలైన్లు పెట్టించడం, ఫోన్ చేసి పెద్దాయన చెప్పింది రాయడం, పగలు నిద్ర, సాయంత్రం మళ్ళీ బస్సు. ఆ ఎనిమిది నెలల్లో పుస్తకం తెరవలేదు, మార్కులు ఉన్నవి కూడా తగ్గాయి.

కూకట్‌పల్లి_శిరీష · ఆదివారం పొద్దున 6:40

వద్దండీ. మా ఆడపడుచు కొడుకు ఇలాగే చేరి రెండు నెలలకే పోలీస్ స్టేషన్ మెట్లెక్కాడు. ఇంట్లో అందరం నలిగిపోయాం. అంతకంటే ఇక్కడ రాయలేను.

నల్లకుంట_డాక్టరమ్మ · ఆదివారం పొద్దున 9:15

మలక్‌పేట్ అమ్మాయికి. నేను జనరల్ మెడిసిన్, 30 ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే చూస్తున్నాను. చట్టం సంగతి ఆ అబ్బాయి చెప్పాడు, నేను వార్డు సంగతి చెప్తాను, ఇది మీ తమ్ముడికి చదివి వినిపించు.

కొన్నేళ్ళ కింద తెల్లవారుజామున నా దగ్గరికి ఒకాయన్ని తీసుకొచ్చారు, 52 ఏళ్ళు, ఆటో నడిపేవాడు. రాత్రి ఒంటిగంటకి పొట్ట పైభాగంలో నొప్పి, వాంతి, చెమటలు. దగ్గర్లో ఒక చిన్న ఆస్పత్రికి పోతే అక్కడ ఒక కుర్రాడు గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చాడు. నొప్పి తగ్గకపోయేసరికి భయపడి, గుండె అయి ఉంటుందని ఈసారి నాలుక కింద మాత్ర పెట్టి పంపించాడు. నా దగ్గరికి వచ్చేసరికి బీపీ 70. ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ ఎలివేషన్, కుడివైపు లీడ్లు పెట్టి చూస్తే కుడి జఠరికకి కూడా దెబ్బ తగిలింది. అలాంటి గుండెపోటులో ఆ మాత్ర పెడితే బీపీ అమాంతం పడిపోతుందని పుస్తకంలో ఉంటుంది, పరీక్షలో కూడా అడుగుతారు. ఆయన బతికాడు. ఆ కుర్రాడికి అప్పటికి రిజిస్ట్రేషన్ లేదని తర్వాత తెలిసింది. వాడు చెడ్డవాడు కాదమ్మా, ఆ రాత్రి అక్కడ వాడికి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, అంతే. హౌస్ సర్జన్ తప్పు చేయబోతే పీజీ ఆపుతాడు, పీజీ తప్పితే అసిస్టెంట్ ప్రొఫెసర్ చూస్తాడు. ఇంటర్న్‌షిప్ అంటే ఆ చూసేవాళ్ళు ఉండటమే. 25 వేలకి ఒంటరిగా రాత్రి కూర్చోబెట్టే చోట అది ఉండదు.

పరీక్ష కష్టం అంటారు. 300 ప్రశ్నలు, సగం వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు, ఏడాదికి రెండుసార్లు పెడతారు, ఎన్నిసార్లైనా రాయొచ్చు. 143 వచ్చినవాడు ఇప్పుడు వదిలేయడం తప్పు.

బిష్కెక్_పాత_బ్యాచ్ · ఆదివారం మధ్యాహ్నం 1:05

మేడమ్ మీరన్న ప్రతి మాటా ఒప్పుకుంటా, ఆ చివరి పేరా దగ్గర మాత్రం కొంచెం ఆగండి. సగం వస్తే పాస్, నెగెటివ్ లేదు అని అందరూ మాకు చెప్తారు, మరి చాలా సెషన్లలో రాసినవాళ్ళలో ఐదుగురికి ఒకరు మాత్రమే ఎందుకు పాసవుతున్నారో ఎవరూ అడగరు. మాకేం బుర్ర లేక కాదు మేడమ్.

నేను ఐదో అటెంప్ట్‌లో పాసయ్యా, కాబట్టి ఏం జరుగుతుందో చెప్తా. అక్కడ క్లాసు ఇంగ్లిష్‌లో, పేషెంట్ మాట్లాడేది రష్యన్, కిర్గిజ్. 20 మందిని ఒక బెడ్ చుట్టూ నిలబెడతారు, ముందు వరసలో ఉన్న ఇద్దరికి కనపడుద్ది, మిగతావాళ్ళు గోడకి ఆనుకుని నిలబడి వస్తారు. నేను ఆరేళ్ళలో ఒక్క డెలివరీ కూడా దగ్గర్నుంచి చూడలేదు. హిస్టరీ ఎట్లా తీసుకోవాలో నేర్చుకుంది ఇక్కడికి వచ్చాక. ఇక పరీక్షలో 300 లో 200 మార్కులు క్లినికల్ సబ్జెక్టులవే. మెడిసిన్ 33, సర్జరీ 32, గైనిక్ 30, పీఎస్ఎం (అంటే కమ్యూనిటీ మెడిసిన్, జనారోగ్యం) 30, పిల్లలు, కళ్ళు, ఈఎన్‌టీ తలా 15. ఈ ఏడూ కలిపితేనే 170. మనోళ్ళు ఏం చేస్తారంటే ఇంటికి రాగానే అనాటమీ మొదటి పేజీ నుంచి మొదలెడతారు, అది 17 మార్కులు, దానిమీద రెండు నెలలు పోతాయి, పరీక్ష నెల దగ్గర పడేసరికి పీఎస్ఎం అలాగే ఉంటది. నేను మూడుసార్లు ఇదే తప్పు చేశా.

పీఎస్ఎం అయితే అసలు అక్కడ చెప్పింది ఇక్కడ పనికిరాదు, మన టీకాల షెడ్యూలు, మన టీబీ ప్రోగ్రాం, ఆశా, అంగన్‌వాడీ, పీహెచ్‌సీ ఎంత జనాభాకి ఒకటి, ఇవన్నీ మన దేశం సంగతులు, అక్కడెవరు చెప్తారు. ఫోరెన్సిక్ కూడా అంతే, 10 మార్కులు, చట్టాలు మనవి. కూర్చుని చదివితే ఈ రెండింట్లోనే ఏడు మార్కులు కాదు పదిహేను పెరుగుతాయి.

మలక్‌పేట్ అక్కా, తమ్ముడి మార్కులు సబ్జెక్టుల వారీగా ఎక్కడ పోయాయో వాడికి గుర్తున్నంత వరకు కాగితం మీద రాయమనండి. రాస్తే వాడికే తెలుస్తది.

నల్లకుంట_డాక్టరమ్మ · ఆదివారం మధ్యాహ్నం 2:30

బిష్కెక్ అబ్బాయీ, నువ్వు చెప్పింది నాకు తెలియని సంగతే, గోడకి ఆనుకుని నిలబడటం. నేను మార్కుల లెక్క చూశాను, దాని వెనక ఉన్నది చూడలేదు. ఇంటర్న్‌షిప్‌లో చేరాక కొంతమంది ఎఫ్ఎంజీ పిల్లలు కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది) పెట్టడానికి కూడా వణకడం చూసి విసుక్కున్నాను నేను. ఇకమీదట విసుక్కోను.

తండ్రి_కరీంనగర్ · ఆదివారం సాయంత్రం 5:48

నమస్తే అందరికి. మాది కరీంనగర్ దగ్గర పల్లె. ఇది చదివినంక నాకు గుండె దడదడ అంటుంది, ఎందుకంటే మా బిడ్డ ఈ ఏడు నీట్‌ల క్వాలిఫై అయింది గాని ఇక్కడ సీటు వచ్చే మార్కులు గావు, మేనేజ్‌మెంట్ సీటు మాతోని గాదు. మొన్న హైదరాబాద్ వచ్చి అమీర్‌పేటల ఒక కన్సల్టెన్సీకి పోయినం. మూడు దేశాలు చూపెట్టిండ్రు, అన్నీ ఎన్ఎంసీ అప్రూవ్డ్ అన్నరు, ఒకదాంట్ల నాలుగేండ్లల్ల అయిపోతది అన్నరు. రెండు ఎకరాలు అమ్ముదామని బేరం గూడ పెట్టిన. అసలు నేను వాళ్ళని ఏం అడగాలె, జర చెప్పండ్రి.

నియమాలు_చదివేవాడు · ఆదివారం రాత్రి 9:10

కరీంనగర్ అన్నా, ఎకరాలు ఆపండి ముందు. మీ పోస్ట్‌లో రెండు విషయాలు నన్ను భయపెట్టాయి.

ఒకటి, ఎన్ఎంసీ అప్రూవ్డ్ అనే మాట. ఎన్ఎంసీ ఏ విదేశీ కాలేజీకీ అప్రూవల్ ఇవ్వదు. అలాంటి లిస్టే లేదు. అది చెప్పారంటే మిగతావి కూడా నమ్మకండి. రెండోది ఆ నాలుగేళ్ళు. 2021 నవంబర్ 18న ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్ లైసెన్షియేట్ రెగ్యులేషన్స్ వచ్చాయి, ఆ తేదీ తర్వాత విదేశంలో చేరినవాళ్ళందరికీ అవే నియమాలు. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, నాలుగేళ్ళంటే 48 నెలలే, అక్కడే ఆగిపోతారు. ఫిలిప్పీన్స్ విషయంలో గొడవ వచ్చింది ఇందుకే, అక్కడ ముందు బీఎస్ అనే సైన్స్ డిగ్రీ చదివి తర్వాత నాలుగేళ్ళ ఎండీ చేస్తారు, ఆ బీఎస్‌ని వైద్యవిద్యలో లెక్కేయరు.

54 నెలలు కాకుండా ఇంకో 12 నెలలు ఇంటర్న్‌షిప్ కూడా అదే విదేశీ యూనివర్సిటీలో చెయ్యాలి. ఇంటర్న్‌షిప్ ఇండియాలో చేసుకోవచ్చులే అని కన్సల్టెన్సీ వాళ్ళు చెప్తారు, అది సగం నిజం, ఇండియాలో 12 నెలలు ఎలాగూ చెయ్యాలి, అక్కడ చేసేది దానికి అదనం. చదువు మొత్తం ఇంగ్లిష్‌లో ఉండాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకే సంస్థలో చదవాలి, మధ్యలో ఫీజు తక్కువని వేరే కాలేజీకి మారితే పోయినట్టే. చేరిన రోజు నుంచి పదేళ్ళలోపు అన్నీ పూర్తవ్వాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది, ఎవరూ చెప్పనిది. ఆ దేశంలో అక్కడి పౌరులకి ఏ లైసెన్స్ ఇస్తారో దానితో సమానంగా మీ అమ్మాయికి కూడా అక్కడ ప్రాక్టీస్ చేసే అర్హత రావాలి. కొన్ని దేశాలు విదేశీ విద్యార్థులకి డిగ్రీ ఇస్తాయి కానీ లైసెన్స్ తమ పౌరులకే ఇస్తాయి. అలాంటి చోట ఆరేళ్ళు చదివి ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్నా ఇక్కడ పరీక్షకి కూర్చోనివ్వరు. కన్సల్టెన్సీలో ఇదొక్కటి అడగండి, నోటిమాట కాదు, యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద రాసిమ్మనండి, ఆ దేశం వైద్యశాఖ నియమం కాపీ కూడా అడగండి.

నీట్ క్వాలిఫై అయింది కాబట్టి ఆ అడ్డు లేదు, విదేశం వెళ్ళడానికి ఆ రిజల్ట్ మూడేళ్ళు పనికొస్తుంది. అంటే తొందర లేదు మీకు. ఈ నెలలోనే కట్టాలి, సీట్లు అయిపోతున్నాయి అని వాళ్ళు తొందరపెడితే లేచి వచ్చేయండి.

తండ్రి_కరీంనగర్ · ఆదివారం రాత్రి 9:41

మూడేండ్లు పనికొస్తదని గూడ నాకు తెల్వదు సార్. వాళ్ళు పది రోజులల్ల కట్టకపోతే ఏడాది పోతదన్నరు. శానా థాంక్స్. మళ్ళ పోయి అడుగుత.

డల్లాస్_నుంచి · సోమవారం పొద్దున 7:30

అందరికీ నమస్కారం. మాది వరంగల్, ఇక్కడ ఫ్యామిలీ మెడిసిన్ చేస్తున్నాను. మలక్‌పేట్ అమ్మాయి తమ్ముడికి ఎవరో ఒకరు "ఇండియాలో పాస్ కాకపోతే యూకే వెళ్ళు, అమెరికా వెళ్ళు" అని చెప్తారు, అందుకని రాస్తున్నాను.

పీజీ డిగ్రీ అమెరికా, యూకే, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఈ ఐదు దేశాల్లో చేసి అక్కడ ప్రాక్టీస్ చేసే అర్హత ఉన్నవాళ్ళకి ఇండియాలో ఎఫ్ఎంజీఈ అక్కర్లేదు, అది నిజం. కానీ దానికి దారి చాలా పొడుగు. యూకేకి ప్లాబ్ అనే పరీక్ష ఉంది, మొదటి భాగం 180 ప్రశ్నలు, రెండో భాగం మాంచెస్టర్ వెళ్ళి రాయాలి, అంతకుముందు ఇంగ్లిష్ పరీక్షలైన ఐఈఎల్‌టీఎస్‌లో 7.5 లేదా ఓఈటీలో బీ గ్రేడ్ కావాలి. ప్లాబ్ పాసైనంత మాత్రాన ఇండియాలో మినహాయింపు రాదు, పీజీ పూర్తవ్వాలి. అమెరికాకి యూఎస్‌ఎంఎల్‌ఈ అనే లైసెన్స్ పరీక్షలో స్టెప్ 1, స్టెప్ 2 సీకే, బయట చదివినవాళ్ళకిచ్చే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్, తర్వాత రెసిడెన్సీ (ఆస్పత్రిలో పీజీ ట్రైనింగ్) సీటు కోసం మ్యాచ్. స్టెప్ 1 ఇప్పుడు పాస్ ఫెయిలే, కాబట్టి మార్కులతో నెట్టుకొచ్చే అవకాశం స్టెప్ 2లోనే ఉంది. టెన్నెసీ రాష్ట్రం 2023లో ఒక చట్టం చేసింది, బయట దేశాల్లో చదివి ట్రైనింగ్ అయిన డాక్టర్లకి ఇక్కడ రెసిడెన్సీ లేకుండానే తాత్కాలిక లైసెన్స్ ఇచ్చే దారి అది, వాట్సాప్‌లో దాన్ని "అమెరికాలో పరీక్షలు ఎత్తేశారు" అని తిప్పుతున్నారు. పరీక్షలు ఏమీ ఎత్తెయ్యలేదు.

143 వచ్చిన మనిషికి ఇవన్నీ ఇప్పుడు దారి తప్పించేవే. ఇంకో ఏడు మార్కులు తెచ్చుకోవడం వీటన్నిటికంటే దగ్గర.

హౌస్‌సర్జన్_బాబు · సోమవారం రాత్రి 10:20

ఇవాళ డ్యూటీ అయ్యాక పాసైన తర్వాతి కథ రాస్తా అనుకున్నా, ఎందుకంటే పాసైతే అయిపోయింది అనుకుంటారు అందరూ, నేనూ అనుకున్నా.

పాస్ సర్టిఫికెట్ పోస్టులో రాదు. ఢిల్లీ ద్వారకలో ఎన్‌బీఈ (ఈ పరీక్ష పెట్టే బోర్డు) ఆఫీసుకి ఒరిజినల్స్ పట్టుకుని మనమే వెళ్ళాలి, ముఖం, వేలిముద్ర చూస్తారు. నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, టెన్త్ మెమోలో ఒక్క అక్షరమే ఉంది, డిగ్రీలో ఇంటిపేరు చివర్లో పెట్టారు. ఆ మూడు ఒకటే మనిషివని అఫిడవిట్ చేయించుకుని తిరగడానికి నెల పట్టింది. మన తెలుగువాళ్ళందరికీ ఈ ఇంటిపేరు గొడవ ఉంటది, పరీక్ష రాయకముందే సరిచేసుకోండి. డిగ్రీ మీద ఆ దేశంలో ఉన్న ఇండియన్ ఎంబసీ ముద్ర గానీ అపోస్టిల్ (కాగితం అసలుదేనని ఇంకో దేశం ఒప్పుకునేలా వేసే ముద్ర) గానీ ఉండాలి. చైనాలో మా సీనియర్లంతా ఎంబసీ చుట్టూ తిరిగినవాళ్ళే. అక్కడ ఉండగానే చేయించుకుంటే రోజుల్లో పని, ఇక్కడికి వచ్చాక ఏజెంట్‌కి డబ్బులు పోసి నెలలు ఆగాలి.

ఎందుకింత పట్టుబడతారు అని నాకు కోపమొచ్చేది. 2022 డిసెంబర్‌లో సీబీఐ ఒకేసారి 91 చోట్ల సోదాలు చేసింది గుర్తుందా, 73 మంది విదేశాల్లో చదివినవాళ్ళు పరీక్ష పాసవ్వకుండానే రాష్ట్రాల కౌన్సిళ్ళలో రిజిస్టర్ అయ్యారని కేసు. ఆ తర్వాత మనం పెట్టే ప్రతి కాగితం రెండుసార్లు చూస్తారు మరి, వాళ్ళని ఏమంటాం.

అదయ్యాక కోఠిలో కౌన్సిల్ ఆఫీసు, ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్, తర్వాత ఇంటర్న్‌షిప్ కాలేజీ. కాలేజీలో మొత్తం సీట్లలో 7.5 శాతం దాకా ఎఫ్ఎంజీ ఇంటర్న్‌లకి ఇవ్వొచ్చు. గుర్తుపెట్టుకోండి, ఇంటర్న్‌షిప్‌కి మన దగ్గర డబ్బులు తీసుకోకూడదని ఎన్ఎంసీ 2022లోనే చెప్పింది, స్టైపెండ్ కూడా ఇక్కడ చదివిన పిల్లలతో సమానంగా ఇవ్వాలంది. నాకు మాత్రం ఇప్పటిదాకా నాలుగు నెలలది రాలేదు. అడిగితే ఫైల్ పైకి పంపాం అంటారు. అదే వార్డు, అదే నైట్, పక్కన నిలబడ్డ వాడికి పడుద్ది నాకు పడదు. మా నాన్నని 26 ఏళ్ళ వయసులో పెట్రోల్‌కి డబ్బులు అడుగుతున్నా. ఇది రాయాలనిపించింది, రాశా.

కానీ నేర్చుకోవడం మాత్రం నిజం అక్కా. కమ్యూనిటీ మెడిసిన్ 12 వారాలు, గైనిక్ 7, మెడిసిన్ 6, సర్జరీ 6, మిగతావన్నీ ఒకటి రెండు మూడు వారాల చొప్పున తిప్పుతారు. గైనిక్‌లో మొదటి వారం చేతులు వణికాయి, ఏడో వారానికి సిస్టర్లే నన్ను పిలవడం మొదలుపెట్టారు.

బిష్కెక్_పాత_బ్యాచ్ · సోమవారం రాత్రి 10:44

స్టైపెండ్ మాట రాసినందుకు థాంక్స్ తమ్ముడూ. మాకూ అంతే. ఒక్కరు అడిగితే ఫైల్ అంటారు, మీ బ్యాచ్ ఎఫ్ఎంజీలందరూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇవ్వండి, రసీదు తీసుకోండి. మేం అట్లా చేశాకే కొంత వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్_హాస్టల్ · మంగళవారం మధ్యాహ్నం 12:15

నెక్స్ట్ పరీక్ష (ఇక్కడ చదివినవాళ్ళకీ బయట చదివినవాళ్ళకీ కలిపి పెడతామన్నది) వస్తే ఎఫ్ఎంజీఈ ఉండదంట కదా, అప్పటిదాకా ఆగితే బెటరా?

నియమాలు_చదివేవాడు · మంగళవారం మధ్యాహ్నం 12:50

ఆగకండి. నెక్స్ట్ 2019 చట్టంలోనే ఉంది, 2023 జూన్‌లో నియమాలు కూడా ఇచ్చారు, ఆ తర్వాతి నెలలోనే ఆపేశారు. దానికోసం ఆగినవాళ్ళు సంవత్సరాలు పోగొట్టుకున్నారు. పైగా అది వస్తే ఇక్కడ చదివినవాళ్ళతో కలిపి రాయాలి, ప్రాక్టికల్ కూడా ఉంటుంది. ఇప్పుడున్న పరీక్ష ఇప్పుడే రాసెయ్యండి.

మలక్‌పేట్_అక్క · మంగళవారం రాత్రి 11:05

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. ఆదివారం రాత్రి డాక్టరమ్మ గారి పోస్ట్ వాడికి చదివి వినిపించా. ఆటో నడిపే ఆయన దగ్గరికి వచ్చేసరికి, నేను ఇంకా పూర్తిగా చదవకముందే "కుడి లీడ్లు చూడాలి అక్కా, ఆ మాత్ర ఇవ్వకూడదు" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. పొద్దున లేచి నాన్నతో తనే చెప్పాడు, ఆ జాబ్‌కి వెళ్ళను అని. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, ఇవాళ్టికి కొంచెం సర్దుకుంది. డబ్బుల విషయం మాత్రం ఉంది, నెలకి పది పన్నెండు వేలైనా వస్తే బావుంటుంది, డాక్టర్ పని కాకుండా ఏముంటాయి?

బిష్కెక్ అన్నయ్య చెప్పినట్టు కాగితం మీద రాశాడు. పీఎస్ఎం, గైనిక్, పిల్లల సబ్జెక్టు, ఈ మూడే.

ఇంకొక భయం. వాడు కరోనా టైంలో ఆన్‌లైన్‌లో విన్న క్లాసులకి ఏమన్నా ఇబ్బంది వస్తుందా? 2018లో చేరాడు కాబట్టి ఆ 2021 నియమాలు వాడికి వర్తించవు కదా?

నియమాలు_చదివేవాడు · బుధవారం పొద్దున 8:20

2021 నవంబర్ 18 కన్నా ముందు చేరాడు కాబట్టి ఆ రెగ్యులేషన్స్ వర్తించవు, అది సరే. కానీ ఆన్‌లైన్ క్లాసుల సంగతి వేరే, అది చేరిన తేదీతో సంబంధం లేకుండా చూస్తారు. కరోనాకి ఇంటికొచ్చి విన్న ఆన్‌లైన్ క్లాసులని తిరిగి వెళ్ళాక యూనివర్సిటీలో నేరుగా పూడ్చుకున్నట్టు లెటర్ ఉండాలి. చివరి సంవత్సరాల్లో నేరుగా చదవకుండా ఆన్‌లైన్‌లోనే ముగించినవాళ్ళకి ఇంటర్న్‌షిప్ ఏడాది బదులు రెండేళ్ళు, కొందరికి మూడేళ్ళు పెట్టారు. మీవాడు తిరిగి వెళ్ళి అక్కడే పూర్తి చేశాడు అన్నారు, మంచిది. పాస్‌పోర్ట్‌లో వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ ముద్రలు ఉన్న పేజీలన్నీ స్కాన్ చేసి పెట్టుకోమనండి, పాస్‌పోర్ట్ రెన్యూ చేయించినా పాతది పారెయ్యొద్దు. ఆ లెటర్ కోసం యూనివర్సిటీకి ఇవాళే మెయిల్ పెట్టమనండి. పాసయ్యాక అడిగితే అప్పుడు వాళ్ళు సెలవుల్లో ఉంటారు, ఇక్కడ కౌన్సెలింగ్ డేట్ అయిపోతుంది.

కూకట్‌పల్లి_శిరీష · బుధవారం పొద్దున 10:02

పని గురించి అడిగారు కదండీ, మా ఆడపడుచు కొడుకు ఇప్పుడు మెడికల్ కోడింగ్ (పేషెంట్ల రికార్డులకి బిల్లింగ్ కోడ్లు వేసే పని) చేస్తున్నాడు, మన హైదరాబాద్‌లో ఆ కంపెనీలు చాలా ఉన్నాయి. ఇంకో అబ్బాయి ఇంటర్ కాలేజీలో నీట్ పిల్లలకి సాయంత్రం పూట బయాలజీ డౌట్లు చెప్తున్నాడు, రోజుకి మూడు గంటలు, పగలంతా చదువుకోవడానికి ఉంటుంది. నాకైతే ఆ రెండోదే మంచిదనిపిస్తుందండీ, ఫిజియాలజీ ఎలాగూ రివిజన్ అవుతుంది.

తండ్రి_కరీంనగర్ · గురువారం సాయంత్రం 6:30

ఇవ్వాళ మళ్ళ అమీర్‌పేట పోయి వచ్చిన. బిడ్డను గూడ తీస్కపోయిన. ఆ 54 నెలల మాట అడిగితే, నాలుగేండ్లు అన్న ఆయన ఇప్పుడు "మొత్తం కలిపితే అయితది సార్" అన్నడు. ఎన్ఎంసీ లిస్ట్ చూపెట్టుమంటే వాళ్ళ సొంత పాంప్లెట్ చూపెట్టిండు. లైసెన్స్ సంగతి మా బిడ్డనే అడిగింది, ఆ దేశంల మాకు ప్రాక్టీస్ చేసే హక్కు వస్తదా, లెటర్ హెడ్ మీద రాసిస్తరా అని. దానికి ఆయన "ఆ దేశం లైసెన్స్ నీకెందుకమ్మా, నువ్వు ప్రాక్టీస్ చేసేది ఇండియాలనే గదా" అన్నడు. బిడ్డ నా ముఖం చూసింది. లేచి వచ్చినం. ఎకరాల బేరం వద్దని ఫోన్ చేసి చెప్పిన. ఒక ఏడు లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంట అంటుంది, సరే అన్న.

నియమాలు_చదివేవాడు · గురువారం రాత్రి 7:15

మంచి పని చేశారన్నా. అమ్మాయి అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. ఒకవేళ వచ్చే ఏడు మళ్ళీ బయటకే పంపాల్సి వస్తే దేశం పేరు, యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయండి, కోర్సు పేపర్లు నేను కూర్చుని చదివి పెడతా.

బిష్కెక్_పాత_బ్యాచ్ · గురువారం రాత్రి 9:50

మలక్‌పేట్ అక్కా, నా పీఎస్ఎం, గైనిక్ నోట్స్ రెండూ ఉన్నాయి, చేత్తో రాసినవి, పాత ప్రశ్నలు సబ్జెక్టు వారీగా అతికించి ఉన్నాయి. టీకాల షెడ్యూల్ పేజీ మాత్రం పాతది, కొత్తది చూసి మార్చుకోవాలి. శనివారం సాయంత్రం కోఠిలో మెడికల్ బుక్ షాపుల దగ్గరికి వస్తున్నా, అక్కడిస్తా. వాణ్ణే రమ్మనండి.

మలక్‌పేట్_అక్క · గురువారం రాత్రి 10:08

వాడే వస్తాడు అన్నయ్యా. ఇప్పుడే చెప్పా, ఎన్నింటికి అని అడుగుతున్నాడు.